చాప కింద మొహం

ఫువాతినో కత్తి వెనకవైపుతో చేమదుంపల మట్టి గీకుతోంది. పసిపిల్ల తలకాయంత దుంపలు. ఒక్కొక్కదాన్నీ ఒళ్లో పెట్టుకుని, పీచు లాగేసి, పైన కాడను కాస్త ఉంచి తెగ్గొట్టి, బల్ల మీద కుప్పలుగా పేరుస్తోంది. పెద్దవి కింద, అన్నింటికన్నా నున్ననిది పైన. కొనేవాళ్లు పైదాన్ని చూసి కొంటారు, కిందివాటి సంగతి ఇంటికి వెళ్లాక చూసుకుంటారు. దాన్ని మోసమంటే ఆమె ఒప్పుకోదు. ఆపియా సంత పుట్టినప్పటినుంచీ కుప్ప పేర్చే పద్ధతి అదేనంటుంది.

ఇంకా సరిగా తెల్లవారలేదు. రేకుల కప్పు కింద లైట్లు వెలుగుతున్నాయి. కొబ్బరి మట్టల బుట్టలు ట్రక్కుల మీంచి దబదబా దిగుతున్నాయి. అరటిగెలలు, సీమపనస కాయలు, ఆకుల కట్టలు తోసుకుంటూ ఎవరి బల్లలకు వాళ్లు చేరుతున్నారు. శనివారం కదా, రేపటి ఆదివారం భోజనాలకు ఊళ్లన్నీ ఇవాళే కొనుక్కోవాలి.

ఫువాతినో అరవైకి దగ్గరపడ్డ మనిషి. గంపలు మోసి మోసి భుజాలు మగవాడి భుజాల్లా అయ్యాయి. దుంప జిగురు పట్టి వేళ్లు గోధుమరంగుకు తిరిగాయి, ఎంత రుద్దినా పోదు. జుట్టు ముడేసి దువ్వెన గుచ్చుకుంటుంది. ఈ బల్ల వాళ్లమ్మది. అమ్మ పోయాక ఈమెకు వచ్చింది, ఈమె తర్వాత కూతురు సులుకు రావాల్సింది.

పక్క బల్ల పెపేది. గుండ్రటి పిండి ఉండలు నూనెలో వేయించి, కోకో కాచి అమ్ముతుంది. ఆమె ఒక ఉండ నోట్లో వేసుకోబోతూ ఆగిపోయింది.

"ఏంటి వదినా, చెవి వెనక మందారం పెట్టావు! ఎన్నేళ్లయింది నిన్నిలా చూసి? పెళ్లా పేరంటమా?"

"అంతకంటే పెద్ద పండగే. మా వాకిట్లో చాప పడింది."

పెపే చేతిలో గరిటె నూనెలో పడింది. "ఇఫోగానా? చాప కప్పుకుని క్షమించమని వచ్చారా? నీ వాకిట్లోనా? ఇన్నాళ్లకా?"

"చీకటితోనే వచ్చి కూర్చున్నాడు. సులు సమాధి ముందు. తల మీంచి కాళ్లదాకా మొగలి చాప కప్పుకుని, ముద్దలా."

"మరి నువ్విక్కడేం చేస్తున్నావమ్మా, ఇంటి దగ్గర ఉండక?"

"దుంపలు అమ్ముకుంటున్నా. కనపడట్లేదూ?" అంది ఫువాతినో. అని నవ్వింది. ఆ నవ్వు చూసి పెపే గరిటె తీసుకోవడం మర్చిపోయింది.

పదకొండేళ్ల కింద వీళ్ల ఊరికీ, వంతెన అవతలి ఊరికీ క్రికెట్ పందెంలో తగాదా వచ్చింది. కప్పు ఎవరిదనే దగ్గర మొదలై, తాతల కాలం నాటి గట్టు తగువులదాకా పోయింది. ఆ సాయంత్రం సంత నుంచి తిరిగొచ్చే బస్సు కిక్కిరిసి ఉంది. సీట్లు నిండిపోయి ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు కూర్చున్నారు. సులు అమ్మ ఒళ్లో కూర్చుంది. పదహారేళ్ల పిల్ల, బరువుగానే ఉంది. "దిగవే, తొడలు పడిపోతున్నాయి" అంటే "ఇంకా మూడు ఊళ్లు ఓర్చుకోవే ముసలీ" అంది. వంతెన దాటుతుండగా చీకట్లోంచి రాయి వచ్చింది. బస్సు కిటికీలకు అద్దాలు లేవు. ఆ పిల్ల ఒళ్లో లేకపోతే ఆ రాయి ఫువాతినోకే తగిలేది. ఈ లెక్క ఆమె రోజూ వేసుకుంటుంది. ఎన్నిసార్లు వేసినా అక్కడికే వచ్చి ఆగుతుంది.

పోలీసులు వచ్చారు. వంతెన అవతలి ఊరు ఊరంతా ఒకే మాట మీద నిలబడింది: మాకు తెలీదు, మా పిల్లలెవరూ కాదు. ఇఫోగాకు రావాలంటే తప్పు మాదేనని ఒప్పుకోవాలి కనక ఇఫోగాకూ రాలేదు. పెద్దలు రాలేదు, పాస్టరు రాలేదు, పిట్ట రాలేదు. పదకొండేళ్లు నోళ్లు కుట్టుకుని కూర్చున్నారు.

ఫువాతినో కూడా ఏమీ అనలేదు. చర్చిలో పాటలకు నిలబడటం మానేసింది. బింగోకు పోవడం మానేసింది. బస్సులో ఎవరినీ ఒళ్లో కూర్చోనివ్వదు, ఖాళీ బుట్ట పెట్టుకుంటుంది. ఆ ఊరివాళ్లకు మాత్రం ఒక్క దుంప అమ్మదు. ఆడైనా మగైనా పసివాడైనా సరే, మొహం చూసి చెప్పేస్తుంది. వాళ్లు వేరే ఊరి చుట్టాలను పంపించి చూశారు. "ఎవరి కుండలోకమ్మా ఇవి?" అని అడిగి, కళ్లు తిప్పుకుంటే చాలు, కుప్ప వెనక్కి లాగేసుకునేది. సంతలో అందరికంటే మంచి దుంపలు ఆమెవే. ఆ ఊరు మాత్రం పుచ్చు దుంపలు తింది. అది తల్చుకునే ఆమె రాత్రిళ్లు నిద్రపోయేది.

"ఎవరో తెలిసిందా మరి?" పెపే గొంతు తగ్గించింది.

"ఎలా తెలుస్తుంది? చాప కింద ఉంటే!"

"అయ్యో రాత! చాప అంచు ఎత్తి చూడకపోయావా?"

"ఎత్తితే క్షమించినట్టే కదే పిచ్చిమొహమా!"

అదీ అసలు తిరకాసు. పదకొండేళ్లుగా ఆమెకు కావలసింది ఒకటే, ఆ చెయ్యి ఎవరిదో తెలియాలి. తెలిస్తే ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. నిల్చోబెట్టి తిడుతుందో, ఊరూరా వాడి పేరు చాటిస్తుందో, కత్తే తీస్తుందో. ఇప్పుడు ఆ చెయ్యి ఆమె వాకిట్లోనే, చాప కిందే ఉంది. ఎత్తితే తెలుస్తుంది. ఎత్తితే తిట్టడానికి ఉండదు.

తెల్లవారుజామున ఆమె అన్న మలాకీ, ఇంటి పెద్ద, స్తంభానికి ఆనుకుని కూర్చుని ఒకే మాట అన్నాడు. "కడుపుకోత నీది. ఎత్తే చెయ్యి నీదే. పొద్దు గూకేదాకా ఇక్కడే కూర్చుంటాను. అప్పటికీ ఎత్తకపోతే ఒప్పుకోనట్టే, అతని దారి అతనిది." ఆమె గంపలు తీసుకుని, పెరటి దారిన బస్సెక్కింది.

ఎక్కుతూనే డ్రైవరుతో అంది: "సాయంత్రం ఆఖరి ట్రిప్పుకే వస్తా. ఇవాళ నాకే తొందరా లేదు, తీరిగ్గా నడుపు."

ఎండెక్కింది. రేకుల కింద ఉక్క. మామూలుగా అయితే ఈ వేళకి ఫువాతినో విసనకర్ర పట్టుకుని వచ్చేపోయేవాళ్ల మీద చిరాకు పడుతూ ఉంటుంది. ఇవాళ ఎండ ముదిరేకొద్దీ ఆమె ప్రాణం చల్లబడుతోంది. వాకిట్లో సమాధి దగ్గర నీడ ఉండదు. తెల్ల సున్నం, మిట్టమధ్యాహ్నం కళ్లు పోతాయి. చాప సన్ననిదే, కానీ గాలి ఆడదు. ఉడకనీ, బాగా ఉడకనీ. దుంప ఉడికినట్టు ఉడకనీ.

"ఇంకో కప్పు కోకో పొయ్యవే, వేడివేడిగా," అంది పెపేతో.

మధ్యాహ్నం బస్సులో వాళ్ల ఊరి అరటికాయల ఆసామి దిగాడు. బుట్ట దించుకోకముందే నలుగురూ మూగారు.

"ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా. కదల్లేదు. ఒక్కడే!"

"ఒక్కడేంటి? వాళ్ల పెద్దలు?"

"ఎవరూ లేరు. పక్కన తోడు కూర్చున్న పాపాన పోలేదు ఒక్కడూ. దారినపోయేవాళ్లం మేమే ఆగి చూశాం."

ఫువాతినో మొహం జేవురించింది. ఇఫోగా అంటే ఊరు రావాలి. పెద్ద తల వంచాలి, వెనక నలభైమంది ఎండలో కూర్చోవాలి. "అంటే ఇంకా మాకు తెలీదనే అంటున్నారన్నమాట! ఈడొక్కణ్ణీ దొంగచాటుగా తోలారు. నా పిల్ల ఖరీదు ఒక్క చాపా?"

"తోల్లేదేమో వదినా. వాళ్లకి చెప్పకుండా వచ్చేశాడేమో," అంది పెపే.

"అయితే వాడింకా పెద్ద దొంగ. పదకొండేళ్లు వాళ్ల చాటున దాక్కుని ఇవాళ మహానుభావుడయ్యాడు!"

పెపే నూనె వైపు తిరిగింది. ఆ పక్కన ఒక ముసలామె నిలబడి దుంపలకేసి చూస్తోంది. తాటాకు టోపీ, భుజాన సంచీ. ఫువాతినోకు ఆ మొహం తెలుసు. వంతెన అవతలి ఊళ్లో, రోడ్డు పక్క నీలం ఇంటి మనిషి. ఇన్నేళ్లలో ఈ బల్ల దగ్గర ఆగడం ఇదే మొదలు.

"కుప్ప ఎంతమ్మా?" అంది ముసలామె నేలకేసి చూస్తూ.

మామూలు రోజైతే కుప్ప వెనక్కి పోయేది. ఇవాళ ఫువాతినో అన్నింటికన్నా పెద్ద కుప్పను ముందుకు తోసింది. దాని పక్కన ఇంకోటి. బల్ల కింది బుట్ట కూడా పైకెత్తి పెట్టింది.

"డబ్బు ఒక్క తాలా కూడా ఇవ్వక్కర్లేదు. అన్నీ తీసుకుపో. పేరు చెప్పు."

ముసలామె పెదాలు కదిలాయి. దుంపలను చూసింది, ఫువాతినోను చూసింది. సంచీ పట్టీ గట్టిగా పట్టుకుంది.

"చెప్పు పిన్నీ. ఇవాళ మీ ఊళ్లో ఇంట్లో లేనివాడెవడు? ఎవడి పక్క ఖాళీగా ఉంది పొద్దున్నే?"

"ఎవడైతేనేం తల్లీ, వచ్చాడుగా," అంది ముసలామె.  "ఎండగా ఉంది. చాప ఎత్తు. నీకే తెలుస్తుంది."

"నీకు వాడేమవుతాడు?"

ముసలామె దుంపలు ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి ఆకుకూరల వరసలోకి వెళ్లిపోయింది. ఫువాతినో బల్ల దాటి వెంటపడబోయింది. పెపే నడుం పట్టుకుని ఆపింది. "వద్దొదినా, నలుగురిలో వద్దు." ఫువాతినో రొప్పుతూ వచ్చి కూర్చుని, కత్తి తీసుకుని, గీకిన దుంపనే మళ్లీ గీకడం మొదలుపెట్టింది. తెల్లటి కండ బయటపడింది.

అప్పుడే ఆమెకు ఆ ఉపాయం తట్టింది. పొద్దున్నే ఎందుకు తట్టలేదో!

"పెపే, సరిగ్గా పొద్దు గూకే ముందు వెళ్తాను. అందాకా వాడు అనుభవిస్తాడు. అప్పుడు చాప ఎత్తుతాను."

"హమ్మయ్య! బంగారంలాంటి మాట అన్నావు."

"ఎత్తి మొహం చూస్తాను. ఎవడో తెలిశాక వాడి పని చెప్తాను."

పెపే నోరు తెరుచుకుని చూసింది. "అదేం మాట? ఎత్తావంటే అయిపోయినట్టే. తర్వాత నువ్వు వాణ్ణి వేలెత్తి చూపిస్తే, తప్పు నీదవుతుంది. మీ అన్న మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?"

"చెయ్యి ఎత్తుతుందే. మనసు ఎత్తదు. మనసు సంగతి ఎవడికి తెలుస్తుంది?"

"చాపతో దొంగాటలు వద్దొదినా. పెద్దవాళ్లు పెట్టింది ఊరికే పెట్టలేదు."

"నీ ఒళ్లో పోలేదులే, నీకు చెప్పడం తేలిక."

ఆ మాట పడ్డాక పెపే తన ఉండలు తాను వేయించుకుంది. సాయంత్రం నాలుగింటి బస్సుకు సామాను సర్దుకుంటూ, "నాతో వచ్చెయ్యొదినా, ఇదైతే వెలుతురుండగానే దింపుతుంది" అని బతిమాలింది. ఫువాతినో వినలేదు. బల్ల మీద దుంపలైపోయినా, తడిగుడ్డతో బల్ల తుడిచింది. తుడిచిందే తుడిచింది. వాడికి ఆఖరి ఎండ పక్కవాటుగా, కళ్లల్లోకి కొడుతూ ఉంటుంది. ఆ ఎండ కూడా వాడికి దక్కాలి.

ఆఖరి బస్సు ఎప్పటిలాగే నిండింది. రేపటి భోజనాలకు పిండి బస్తాలు, కోళ్లు, కిరసనాయిలు డబ్బాలు. ఫువాతినో కిటికీ పక్కన కూర్చుని ఒళ్లో ఖాళీ బుట్ట పెట్టుకుంది.  చాప అంచు పట్టుకోవడం, లాగడం, మొహం. ఎలా ఉంటుంది? ఇన్నేళ్లలో ఆమె వాడికి మొహాలు ఎన్నో పెట్టి చూసింది. తుంటరి మొహం, తాగుబోతు మొహం, ఆ ఊరి క్రికెట్ జట్టులో ఎడమచేత్తో బంతి విసిరే బక్కాడి మొహం. ఏదీ నిలవలేదు. ఇంకాసేపట్లో నిలుస్తుంది.

డ్రైవరు ఒకచోట బస్తా దించడానికి ఆపాడు. ఇంకోచోట ఐసు కొనుక్కోవడానికి ఆపాడు. మూడోచోట ఎవరితోనో కబుర్లు.

"పోనియ్యవయ్యా, పొద్దు వాలిపోతోంది!"

"నువ్వే కదమ్మా తీరిగ్గా నడపమన్నావు!" అని వాడు పళ్లికిలించాడు. బస్సంతా నవ్వింది.

వంతెన అవతలి ఊరు వచ్చింది. నీలం ఇంటి ముందు ఎవరూ లేరు. వంతెన దాటారు. సముద్రం మీద సూర్యుడు ఇంకా రెండు వేళ్ల ఎత్తులో ఉన్నాడు. చాలు, సరిపోతుంది అనుకుంది. ఊరి పొలిమేర కనపడింది. అప్పుడే శంఖం ఊదారు.

సంధ్య ప్రార్థన. రోడ్డు మీదికి కుర్రాళ్లు లావలావా లుంగీలు బిగించి, కర్రలతో వరసగా వచ్చి నిలబడ్డారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. బస్సులో అందరూ తలలు వంచారు. ప్రార్థన ముగిసి మళ్లీ శంఖం మోగేదాకా బండి కదలకూడదు, మనిషి నడవకూడదు. నడిస్తే ఇంటి పెద్దకు జరిమానా. ఈ కట్టుబాటు సడలకూడదని ఆడవాళ్ల కమిటీలో అందరికంటే గట్టిగా వాదించేది ఫువాతినోయే.

ఆమె లేచింది, మెట్టు మీద కాలు పెట్టింది. కర్ర పట్టుకున్న కుర్రాడు, మలాకీ రెండో కొడుకు, కంగారుపడ్డాడు.

"అత్తా, దిగకు. నాన్నకు మాటొస్తుంది."

"ఇల్లు కనపడుతూనే ఉందిరా..."

"అయినా సరే అత్తా. నువ్వే ఇలా చేస్తే ఎలా?"

ఆమె ఒక క్షణం అలాగే నిలబడింది. తర్వాత వెనక్కి వచ్చి కూర్చుంది. పోయేదేముంది? ఈ వేళప్పుడు ఎవరు కదులుతారు? కుక్క కూడా మొరగదు. వాడైనా తల వంచుకుని అక్కడే ఉంటాడు. శంఖం మోగగానే నాలుగు అంగల్లో వాకిట్లో ఉంటుంది. బస్సులో పాట ఎత్తుకున్నారు. ఆమె పెదాలు కదిపింది, మాటలు మాత్రం రాలేదు. సూర్యుడు నీళ్లను తాకాడు, కుంగాడు, పోయాడు.

శంఖం మోగింది. అరవై ఏళ్ల మనిషి బుట్ట అక్కడే పడేసి పరుగెత్తింది. చెవి వెనక మందారం ఎక్కడో జారిపోయింది.

వాకిట్లో ఎవరూ లేరు.

సమాధి ముందు గడ్డి గుండ్రంగా అణిగి ఉంది. ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. ఆమె ఆ గడ్డి మీద రెండు చేతులూ పెట్టి వంగిపోయింది. ఇంట్లో మలాకీ ప్రార్థన పుస్తకం మూసి, మెల్లగా లేచి వచ్చాడు.

"ఏడి? ఎక్కడికి పోయాడు?"

"పొద్దు గూకింది కదమ్మా. వెళ్లిపోయాడు. పెరట్లోంచి, తోటల్లో పడి."

"ప్రార్థన వేళ నడిచాడా? సిగ్గులేదూ వాడికి?"

"వాళ్ల ఊరివాళ్లకు మన శంఖం చెల్లదుగా. చాప ఎత్తకపోతే పోవడం అతని హక్కు."

"మొహం చూశావా?"

"తల వంచుకుని ఉన్నాం."

"ఒక్కళ్లు కూడా చూళ్లేదా? ఇంటినిండా మనుషులున్నారు, ఒక్కళ్లకీ కళ్లు లేవా?"

"ప్రార్థనలో ఎవరు తలెత్తుతారే?" అన్నాడు మలాకీ. మామూలుగానే అన్నాడు, దెప్పలేదు. దాంతో ఆమెకు ఇంకా మండింది.

"రేపొస్తాడా?"

మలాకీ తల అడ్డంగా ఆడించాడు. "ఒక్కసారే వస్తారు. వద్దన్నాక మళ్లీ రారు."

"నేను వద్దన్నానా? నేనెక్కడ వద్దన్నాను? నేను బస్సులో ఉన్నాను!"

 ఆమె లేచి పెరటి వైపు పరుగెత్తింది. చేమతోట అంచున నిలబడి, చీకట్లోకి గొంతు చించుకుని అరిచింది. "ఎవడివిరా నువ్వు? దమ్ముంటే మొహం చూపించరా! ఎవడివిరా?" ఊళ్లో కుక్కలు మొరిగాయి. చేమాకులు ఊగుతూనే ఉన్నాయి. పొద్దుటినుంచీ వాణ్ణి ఎండలో ఉడికించాననుకుంది. వాడు ఉడికాడు, లేచాడు, తుడుచుకుని వెళ్లిపోయాడు. ఇక వాడికి భయం లేదు, బాకీ లేదు. పొయ్యి మాత్రం ఆమె కడుపులోనే ఉంది. పదకొండేళ్ల కింద ఎలా ఉందో అలాగే ఉంది, ఎవడి మీద మండాలో ఇప్పటికీ తెలియదు. సోమవారం సంతలో ఆ ఊరి మొహాలన్నీ మళ్లీ ఆమె బల్ల ముందు నుంచే నడుస్తాయి. వాటిలో వాడిదీ ఉంటుంది.

గొంతు పోయేదాకా అరిచి, వాకిట్లోకి తిరిగొచ్చింది. వాళ్ల ముసలి పిన్ని సినేవా లాంతరు తెచ్చి సమాధి గట్టు మీద పెట్టింది.

"మధ్యాహ్నం నేనే ఇచ్చానే," అంది సినేవా తప్పు చేసినదానిలా. "ఎండ చూడలేకపోయాను. చాప పక్కన పెట్టి వచ్చాను. నన్ను తిట్టినా సరే."

ఫువాతినో తిట్టలేదు. లాంతరు వెలుతురులో అటు చూసింది. అణిగిన గడ్డి పక్కన గాజు గ్లాసు, అంచుదాకా నీళ్లు, ఒక్క గుక్క కూడా తగ్గలేదు.